ఈసెట్ ట్రిపుల్ ఈ కోచింగ్ రివ్యూ: దిల్‌సుఖ్‌నగర్‌ల నాలుగు నెలలు, కట్టిన పైసలు గిట్టుబాటు అయినయా

మా పాలిటెక్నిక్ జూనియర్లు వాట్సాప్‌ల రోజుకొకడు అడుగుతుండు, అన్నా ఈసెట్‌కి కోచింగ్ తీసుకోవాల్నా వద్దా, హైదరాబాద్ పోవాల్నా, నువ్వు పోయిన ఇన్‌స్టిట్యూట్ మంచిదేనా అని. ఒక్కొక్కనికి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేదు, అందుకే అంతా ఒకటే దగ్గర రాస్తున్న. ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయ. ఎందుకంటే నేను చెప్పబోయే తప్పులు ఆ ఒక్కదాంట్లనే ఉన్నయని కాదు, పక్క గల్లీల దాంట్ల చదివిన నా రూమ్మేట్ కూడా ఇవే చెప్పేటోడు, పేర్లు మారుతయి అంతే. అడిగినోళ్లకు ఫోన్‌ల చెప్త.

ముందే నా మార్కు చెప్తున్న, 5కి 3. మెషీన్స్ (ట్రాన్స్‌ఫార్మర్లు, మోటర్లు) సార్ ఒక్కని క్లాసులకైతే 5కి 5 ఇస్త, మ్యాథ్స్‌కి 1, అప్లికేషన్లు, కౌన్సెలింగ్ అని వాళ్లు చేసే ఎక్స్‌ట్రా సర్వీసుకు సున్నా. ఎందుకో కింద రాసిన, కొంచెం పొడుగైంది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

ఈసెట్ అంటే తెల్వనోళ్లకు రెండు ముక్కలు. డిప్లొమా మూడేండ్లు చేసినోళ్లు ఇది రాస్తే బీటెక్ సెకండ్ ఇయర్‌ల డైరెక్ట్‌గ కూసుంటరు. 200 ప్రశ్నలు, 200 మార్కులు, మూడు గంటలు, కంప్యూటర్ మీద. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగిలిన నూరు మన బ్రాంచివి. నెగెటివ్ మార్కింగ్ లేదు. క్వాలిఫై కానీకి 50 వస్తే చాలు, ఎస్సీ ఎస్టీలకు ఆ లిమిట్ కూడా లేదు, గాని క్వాలిఫై కావుడు వేరు, మంచి కాలేజీల ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చుడు వేరు. నేను రాసింది 2024ల, మన దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ పెట్టింది, ఆంధ్రల జేఎన్టీయూ అనంతపూర్ పెట్టింది, రెండిట్ల మార్కుల లెక్క ఒకటే కాబట్టి ఆంధ్ర దోస్తులకు కూడా ఇండ్ల చాలావరకు పనికొస్తది.

మాది జగిత్యాల దిక్కు పల్లెటూరు, బాపు వ్యవసాయం. ఆరో సెమిస్టర్ ట్రైనింగ్ హైదరాబాద్‌లనే సబ్‌స్టేషన్‌ల దొరికింది, పొద్దున అక్కడ, మధ్యాహ్నం నుంచి కోచింగ్ అని ప్లాన్ చేసుకున్న. జనవరిల బాపు, నేను ఇద్దరం పోయినం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగంగనే పాంప్లెట్లు పంచే పోరగాళ్లు మీద పడుతరు, ఈసెట్ ఆ బ్రదర్, పాలీసెట్ ఆ, ఎస్సై ఆ, కానిస్టేబుల్ ఆ అని, మన మొఖం చూసే ఏం పరీక్షనో చెప్పేస్తరు. మెట్లెక్కంగ గోడనిండ ర్యాంకర్ల ఫ్లెక్సీ. అండ్ల ఒక పిల్ల ఫోటో నాకు యాదికుంది, ఎందుకంటే కిటికీలకెళ్లి చూస్తే ఎదురు బిల్డింగ్ మీద ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఫ్లెక్సీల కూడా అదే పిల్ల ఉంది, అదే చున్నీ, అదే నవ్వు, ర్యాంక్ కూడా అదే. ఆ పిల్ల ఎక్కడ చదివిందో ఇప్పటికీ తెల్వదు.

ఫ్రంట్ ఆఫీస్ మేడం ఫీజు 18,000 అన్నది. మెటీరియల్ వేరే, టెస్ట్ సిరీస్ వేరే. బాపు ఏం మాట్లాడలే, నెమ్మదిగ లేచి చెప్పులు తొడుక్కున్నడు. ఎడ్ల అంగట్ల బేరం చేసినోళ్లకు ఆ లేచుడు ఏందో తెలుస్తది. మేడం సార్ కూసోండి కూసోండి అని మెటీరియల్, టెస్టులు అన్నీ కలిపి 14,500కు వచ్చింది. ఇంకొంచెం ఆగితే 13కు వస్తుండె అని బాపు బస్సుల జగిత్యాల దాకా బాధపడ్డడు. ఇక్కడ ఒక ముచ్చట చెప్తున్న గుర్తుపెట్టుకోండి, రసీదు అడిగితే ఆమె విజిటింగ్ కార్డు వెనుక అంకె రాసి ఇచ్చింది. మేము అట్లనే జేబుల పెట్టుకున్నం. తర్వాత ఫిబ్రవరిల టెస్ట్ సిరీస్‌కు 1,500 కట్టాలె అని మళ్లా అడిగిన్రు, ఆ కార్డు చూపిస్తే ఇది మా రసీదు కాదన్నరు. కొట్లాడి కొట్లాడి 700 కట్టిన. మీరు ముద్ర ఉన్న రసీదు తీసుకున్నంకనే పైసలు టేబుల్ మీద పెట్టండి, అండ్ల ఏమేం కలిసినయో కూడా రాపించుకోండి.

ఇగ క్లాసుల సంగతి. సీఎస్‌ఈ బ్యాచిలు మూడున్నయి, ట్రిపుల్ ఈ ఒక్కటే, అరవై మంది దాకా. పోరగాళ్లు ట్రిపుల్ ఈ అంటే కరెంటోళ్లు అని నవ్వుతరు, నవ్వనీయండి. బ్రాంచ్ సబ్జెక్టులు మా అరవై మందికి వేరే రూమ్‌ల అయితయి, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మాత్రం అన్ని బ్రాంచిలు కలిపి పెద్ద హాల్‌ల, రెండొందల పైనే ఉంటరు, వెనుక కూసున్నోళ్లు టీవీల చూడాలె. ఆ టీవీల ఎక్స్ స్క్వేర్, ఎక్స్ క్యూబ్ ఒకటే తీరుగ కనపడుతయి. దీని గురించి మళ్లా వస్త.

మెషీన్స్, సర్క్యూట్స్ చెప్పిన సార్ గురించి ముందు చెప్పాలె. వయసు అరవై దాకా ఉంటది, చాక్‌పీస్ తప్ప ఏం వాడడు, పీపీటీ అంటే కోపం. మొదటి రోజు వచ్చి బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ గీసి అడిగిండు, ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ (ఒక వైపు ఖాళీగ వదిలి చేసేది) ఏ వైపు నుంచి చేస్తరు అని. అందరం ఎల్వీ (తక్కువ వోల్టేజ్) వైపు అన్నం, డిప్లొమాల బట్టీ కొట్టినం కదా. ఎందుకు అన్నడు. అరవై మందిల ఒక్కడు నోరు తెరవలే. అప్పుడు ఆయన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క తీసిండు, ఊళ్లల్ల స్తంభాల మీద ఉండేది, 11 కేవీ నుంచి 433 వోల్ట్స్‌కి దించేది. ఓపెన్ సర్క్యూట్‌ల పూర్తి రేటెడ్ వోల్టేజ్ ఇయ్యాలె, నీ ల్యాబ్‌ల 11 కేవీ నీ తాత తెచ్చిస్తడా, 433 అయితే గోడకే ఉంటది, అందుకే ఎల్వీ వైపు అన్నడు. షార్ట్ సర్క్యూట్‌ల (ఒక వైపు తీగలు కలిపేసి చేసేదాంట్ల) రేటెడ్ కరెంట్ పంపాలె, ఎల్వీ వైపు అది 133 ఆంపియర్లు, హెచ్వీ (ఎక్కువ వోల్టేజ్) వైపు అయిదుంబావు ఆంపియర్లే, నీ మీటర్ ఏది తట్టుకుంటది, అందుకే హెచ్వీ వైపు అన్నడు. గింతే. మూడేండ్లు నేను రికార్డుల రాసి సంతకం పెట్టించుకున్న ప్రయోగం ఆ రోజు అర్థమైంది. మొదటిదాంట్ల వాట్‌మీటర్ ఐరన్ లాస్ (ఇనుప కోర్‌ల పోయే పవర్) చూపిస్తది, రెండో దాంట్ల కాపర్ లాస్ (తీగ చుట్లల్ల పోయే పవర్) చూపిస్తది అనేది ఇగ చెప్పే పని కూడా పడలే, వోల్టేజ్ పూర్తిగ ఉన్నప్పుడు ఐరన్, కరెంట్ పూర్తిగ ఉన్నప్పుడు కాపర్, దానంతటదే వచ్చేసింది.

ఈ సార్ కిటుకు ఏందంటే షార్ట్‌కట్ చెప్పే ముందు అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి చూపిస్తడు, ఆ తర్వాత షార్ట్‌కట్ మర్చిపోమన్నా మర్చిపోము. టూ వాట్‌మీటర్ మెథడ్ (మూడు ఫేజుల పవర్‌ను రెండు వాట్‌మీటర్లతోటి కొలుచుడు) తీసుకోండి. ఒక వాట్‌మీటర్ సున్నా చూపిస్తే పవర్ ఫ్యాక్టర్ ఎంత అనే ప్రశ్న ఈసెట్‌ల ఏదో ఒక వేషంల వస్తనే ఉంటది. 0.5 అని అందరికీ తెలుసు. సార్ ఏం చేసిండంటే ట్యాన్ ఫై ఫార్ములాల డబ్ల్యూ టూ (రెండో వాట్‌మీటర్) దగ్గర సున్నా పెట్టిండు, పైన కింద కొట్టేస్తే రూట్ త్రీ మిగిలింది, అంటే 60 డిగ్రీలు, కాస్ 60 అంటే 0.5. తర్వాత నువ్వే అడుగు అన్నడు, రెండూ సమానంగ ఉంటే ఏమైతది, ట్యాన్ ఫై సున్నా, యూనిటీ పవర్ ఫ్యాక్టర్. ఒకటి మైనస్‌ల పోతే ఏమైతది, 0.5 కంటే తక్కువ. ఒకటే ఫార్ములా, మూడు ప్రశ్నలు. 200 ప్రశ్నలు 180 నిమిషాలు అంటే ప్రశ్నకు 54 సెకండ్లు వస్తయి, అండ్ల ఇట్లాంటివి పది సెకండ్ల కొట్టేస్తేనే ప్రాబ్లమ్స్‌కు టైం మిగులుతది అని రోజూ చెప్పేటోడు. ఇంకో మాట కూడా రోజూ అనేటోడు, మీ బ్రాంచ్ నూరు నేను ఇప్పిస్త, అవుతలి నూరు మీరే తెచ్చుకోవాలె అని. మేము నవ్వుకునేటోళ్లం, అది జోక్ కాదని రిజల్ట్ వచ్చినంక తెలిసింది.

పవర్ సిస్టమ్స్ వేరే సార్, యావరేజ్. స్ట్రింగ్ ఎఫిషియెన్సీ, కరోనా (కరెంటు వైర్ల చుట్టూ గాలిల వచ్చే డిశ్చార్జ్), బక్‌హోల్జ్ రిలే (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోపాన్ని పసిగట్టేది) అన్నీ చెప్పిండు గాని బుక్కు చూసి చదివినట్టు. నాకైతే ట్రైనింగ్ కలిసొచ్చింది, పొద్దున సబ్‌స్టేషన్‌ల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సార్ ట్రాన్స్‌ఫార్మర్ మీద మెయిన్ ట్యాంకుకు కన్జర్వేటర్‌కు నడుమల పైపుల బక్‌హోల్జ్ రిలే చూపిస్తే మధ్యాహ్నం క్లాసుల అదే వచ్చేది. మెజర్‌మెంట్స్, ఎస్టిమేషన్, ట్రాక్షన్ ఈ మూడు కలిపి రెండు వారాల్ల గుద్దేసిన్రు, అవి మీ డిప్లొమా బుక్కులు చదువుకున్నా సరిపోతయి.

మెటీరియల్ గురించి చెప్పాలె. ఆరు బుక్కులు ఇచ్చిన్రు, ప్రింట్ బాగుంది, పాత పేపర్లు చాప్టర్ల వారీగ పెట్టిన్రు, అది మంచిగుంది. గాని కీలల్ల (జవాబుల పట్టీలల్ల) తప్పులు మస్తున్నయి. నేను ఇండక్షన్ మోటర్ చాప్టర్ ఒక్కదాంట్లనే ఏడు పట్టుకున్న. స్టార్ డెల్టా స్టార్టర్‌ల (మోటర్‌ను ముందు స్టార్‌ల మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చేది) లైన్ కరెంట్ డైరెక్ట్ స్టార్టింగ్‌తో పోలిస్తే ఎంత తగ్గుతది అంటే కీల ఒకటి బై రూట్ త్రీ అని ఉంది. నేను మూడుల ఒకటో వంతు అని పెట్టిన, తప్పనుకుని దిద్దుకున్న కూడా. సార్‌ని అడిగితే బోర్డు మీద వేసి చూపిండు, ఫేజ్ వోల్టేజ్ రూట్ త్రీ వంతు తగ్గుతది కాబట్టి ఫేజ్ కరెంట్ అంతే తగ్గుతది, గాని డెల్టాల లైన్ కరెంట్ ఫేజ్ కరెంట్‌కి రూట్ త్రీ రెట్లు ఉంటది, స్టార్‌ల రెండూ ఒకటే, అట్ల ఇంకో రూట్ త్రీ కలిసి మూడో వంతు. టార్క్ కూడా మూడో వంతే. మా బాయికాడ మోటర్ స్టార్టర్ డబ్బా లోపల ఏం అయితదో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు. ఈ తప్పులు ఆఫీసుల చెప్తే రాసిపెట్టు వచ్చే ఎడిషన్ల మారుస్తం అన్నరు. మా తర్వాత బ్యాచ్ పోరడు మొన్న ఫోటో పంపిండు, అదే పేజీ, అదే తప్పు.

మ్యాథ్స్ దగ్గరనే అసలు దెబ్బ పడ్డది. డిప్లొమాల మ్యాథ్స్ ముందు సెమిస్టర్లల్లనే అయిపోతది, ఈసెట్ రాసేసరికి మాట్రిసెస్, పార్షియల్ ఫ్రాక్షన్స్ ఎక్కడో అడుగున పడి ఉంటయి, ఇంటర్ చదివి వచ్చినోళ్లలెక్క చేతిల ఆడవు. కోచింగ్ పని అది మళ్లా లేపుడే కదా. ఇక్కడ ఏమైందంటే సార్ మంచోడే, స్పీడ్ మాత్రం ఎక్స్‌ప్రెస్ బస్సు. ఇంటిగ్రేషన్ నాలుగు రోజులు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండు రోజులు, లాప్లాస్, ఫోరియర్ కలిపి ఒకటే ఆదివారం, అదీ తినకుండ పొద్దటినుంచి సాయంత్రం దాకా. రెండొందల మందిల ఎవడన్న డౌట్ అడిగితే క్లాస్ అయినంక రా అంటడు, క్లాస్ అయినంక ఆయన ఇంకో సెంటర్‌కు బండి మీద పోవాలె. నేను మొదటి నెలన్నర బోర్డు మీది ఫార్ములాలు నోట్స్‌ల ఎక్కించుడే చదువుడు అనుకున్న. ఫిబ్రవరి ఆఖరుకు టెస్ట్ పెడితే మ్యాథ్స్ 50కి 8 వచ్చినయి. ఎనిమిది. గుడ్డిగ అన్నిటికి బీ అని పెట్టినా పన్నెండన్న వస్తుండె.

అప్పుడు మా అక్క ఫోన్‌ల తిట్టింది, ఆమె బీఎస్సీ మ్యాథ్స్. అన్ని చాప్టర్లు వదిలెయ్, నాలుగు పట్టుకో అన్నది. మాట్రిసెస్, ట్రిగొనామెట్రీ, డిఫరెన్షియేషన్, లాప్లాస్. లాప్లాస్ ఎందుకంటే స్టాండర్డ్ ఫార్ములాలు ఒక పేజీ, అవి వస్తే ప్రశ్నలు నేరుగ పడుతయి. నేను పెద్ద హాల్ క్లాసులకు పోవుడు బంద్ చేసి ఆ టైంల హాస్టల్ మిద్దె మీద కూసుని పాత ఫస్ట్ ఇయర్ బుక్కు మొదటి పేజీ నుంచి చేసిన. పరీక్షల 19 వచ్చినయి. గొప్పేం కాదు గాని ఎనిమిది నుంచి పందొమ్మిది. ఆ పెరిగిన పదకొండు మార్కులు కోచింగ్ ఖాతల రాయలేను కదా.

ఫిజిక్స్ గురించి చెప్పనీకి ఏం లేదు. కెమిస్ట్రీ మేడం బాగనే చెప్పింది, వాటర్ టెక్నాలజీ, కరోజన్, పాలిమర్స్, ఫ్యూయల్స్ ఇవన్నీ ఒక వారం గట్టిగ చదివితే మార్కులు పడే చాప్టర్లు, వాటిని వదిలేసి మోల్ కాన్సెప్ట్ మీద పడి కొట్టుకోకండి.

టెస్ట్ సిరీస్ మాత్రం పైసలకు న్యాయం చేసింది. ప్రతి ఆదివారం పొద్దున 200 ప్రశ్నలు, కంప్యూటర్ మీదనే. మొదటి రెండు వారాలు సర్వర్ ఆగిపోయి ఆగమాగం, ఒకసారైతే 140 ప్రశ్నలు పెట్టినంక స్క్రీన్ తెల్లగ అయింది, ఒక పోరగాడు మౌస్ బల్లకేసి కొట్టిండు. తర్వాత సెట్ అయింది. ఈ టెస్టుల వల్ల నేను నేర్చుకున్నది ఏందంటే ఏ సెక్షన్ ముందు చెయ్యాలె అనేది. నేను మ్యాథ్స్‌తోటి మొదలుపెట్టేటోణ్ణి, ప్రశ్న నంబర్ ఒకటి అదే కదా అని. గంటంబావు అక్కడనే పోయేది. మెషీన్స్ సార్ నా రిజల్ట్ షీట్ చూసి మీ ఇంట్ల అన్నం తినేటప్పుడు ముందు చారు తాగుతవా అన్నడు. తర్వాత ఆదివారం నుంచి ముందు మన బ్రాంచ్ నూరు 70 నిమిషాల్ల, తర్వాత కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఆఖరుకు మిగిలిన టైం అంతా మ్యాథ్స్‌కు. రెండో వారంలనే 14 మార్కులు పెరిగినయి. ఒట్టిగ ఈ టెస్టులే కావాలె అనుకునేటోళ్లకు ఈసెట్ వెబ్‌సైట్‌ల మాక్ టెస్ట్ ఫ్రీగనే ఉంటది, పాత పేపర్లు కూడా దొరుకుతయి, నలుగురు దోస్తులు కూడి గడియారం పెట్టుకుని రాస్తే సగం పని అయినట్టే.

హాస్టల్ నెలకు 5,500, కోచింగోళ్లే చూపిచ్చిన్రు, నలుగురికి ఒక రూమ్. ఉప్మా. నాలుగు నెలలు ఉప్మా. ఇంకేం చెప్పను.

ఇప్పుడు అప్లికేషన్, ఈ ముచ్చట జూనియర్లు మాత్రం రెండు సార్లు చదవండి. అప్లై చేసుడు మేమే చేస్తం, మీరు చదువుకోండి చాలు అని ఇన్‌స్టిట్యూటోళ్లు ఒక రోజు పెట్టిన్రు. ఫీజు 900, ఎస్సీ ఎస్టీలకు 500, దాని మీద సర్వీస్ ఛార్జ్ అని ఇంకో 200 గుంజిన్రు. కంప్యూటర్ ముందల ఒక పోరడు, ఆయన ముందల ముప్పై మంది లైన్. ఒక్కొక్కనికి మూడు నిమిషాలు. నా వంతు వచ్చినంక నేను ఊకోకుండ స్క్రీన్ దిక్కు వంగి చూసిన. పేరు సరిగనే ఉంది. డిప్లొమా పిన్ నంబర్ల (మన రోల్ నంబర్) ఒక అంకె తప్పు. పరీక్ష సెంటర్ నేను కరీంనగర్ చెప్తే హైదరాబాద్ పెట్టిండు. మొబైల్ నంబర్ దగ్గర చూస్తే నాది కాదు, వాళ్ల ఆఫీసుది. అన్నా ఇది నా నంబర్ కాదు అంటే అందరికీ ఇదే పెడుతున్నం తమ్మీ, మెసేజ్‌లు మాకు వస్తే మేమే చెప్తం, మీకు రిస్క్ ఉండది అన్నడు. రిస్క్ ఎవరికి లేదో తర్వాత చెప్త. నేను లైన్ల అందరి ముందు గట్టిగ అడిగేసరికి మార్చిండు, వెనుకోళ్లు తిట్టుకున్నరు గాని తర్వాత వాళ్లు కూడా మార్పిచ్చుకున్నరు.

కాబట్టి అప్లికేషన్ మీరే చేసుకోండి, పెద్ద పనేం కాదు, నెట్ సెంటర్ల అయినా పక్కన కూసుని చేపియ్యండి. టెన్త్ మెమోల పేరు ఎట్లుంటే అట్లనే, ఇంటిపేరు ముందుంటే ముందే. ఫోన్ నంబర్, మెయిల్ మీవే. సబ్మిట్ నొక్కే ముందు పొద్దుపోయినా సరే ఒక్కసారి మొత్తం చదవండి, ప్రింట్ తీసి దాచుకోండి. ఆఖరు తారీఖు దాక ఆగకండి, లేట్ ఫీజు ఊకెనే పోతది.

పరీక్ష మే 6న, సోమవారం. లోక్‌సభ ఎలక్షన్లకు సరిగ్గ వారం ముందు. ఆఖరు పది రోజులు మా ఊరికొచ్చి చదువుకుందామంటే గల్లీల పొద్దున ఒక పార్టీ ఆటో, పొద్దుమూకి ఇంకో పార్టీ ఆటో, మైకుల పాటలు. మా ఇంటి గొడ్ల కొట్టం వెనుక వేపచెట్టు కింద మంచం వేసుకుని చదివిన. అప్పుడే మన రాష్ట్రం టీఎస్ కాస్త టీజీ అయింది, అప్లికేషన్ల ఒక పేరు, రిజల్ట్ కాడికి ఇంకో పేరు, మా బాపు ఇది అదే పరీక్షనా వేరేదా అని పరేషాన్. సెంటర్ల నిమిషం లేటైనా లోపలికి రానీయరు, బస్సుల మీద నమ్మకం పెట్టుకోకుండ ముందు రోజు పోయి సెంటర్ చూసి రండి. పేపర్ నాకు బ్రాంచ్ సెక్షన్ మంచిగనే అనిపించింది, పవర్ ఫ్యాక్టర్ ప్రశ్న చూసి లోపల్లోపల నవ్విన.

మార్కులు దాచుడెందుకు, బ్రాంచ్ 68, మ్యాథ్స్ 19, కెమిస్ట్రీ 14, ఫిజిక్స్ 9. మొత్తం 110. చూసిన్రా, నూరుల 68, అవుతలి నూరుల 42. సార్ చెప్పిన మాట అట్లనే అచ్చుగుద్దినట్టు. ర్యాంక్ కార్డుల బ్రాంచ్ ర్యాంక్, ఇంటిగ్రేటెడ్ ర్యాంక్ అని రెండుంటయి, ఇంటిగ్రేటెడ్ చూసి ఏడ్వకండి, సీటు బ్రాంచ్ ర్యాంక్ మీదనే. నాది మూడంకెలల్లనే వచ్చింది.

ర్యాంక్ వచ్చిన రెండో రోజు ఆఫీసు నుంచి ఫోన్. కౌన్సెలింగ్ ప్యాకేజ్ 2,000, స్లాట్ బుకింగ్ నుంచి వెబ్ ఆప్షన్స్ (కావాల్సిన కాలేజీల వరుస ఆన్‌లైన్ల పెట్టుడు) దాకా మొత్తం మాదే అని. నా ఇంకో రూమ్మేట్ కట్టిండు, నేను కట్టలే, వాని పేపర్ మాత్రం ఫోటో తీసుకున్న. ఏ4 షీట్ మీద నలభై కాలేజీల లిస్ట్, ర్యాంక్ ఎంతున్నా అందరికీ అదే జిరాక్స్. మొదటి ఆరిట్ల నాలుగు సిటీ చుట్టూ ప్రైవేట్ కాలేజీలు, ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ తొమ్మిదో నంబర్ల ఉంది, జేఎన్టీయూ జగిత్యాల కాలేజీ అయితే లిస్టులనే లేదు. ఎందుకట్ల అంటే అక్కడ సీటు రాదు, ఆప్షన్ వేస్ట్ అయితది అన్నరట. ఇదొక పెద్ద అబద్ధం, దీనికి మస్తు మంది బలైతున్నరు. ఆప్షన్లు వేస్ట్ కానీకి అవి పది రూపాయల నోట్లు కావు. నీ ర్యాంక్‌కు వచ్చేటియిల పైన ఏది పెట్టినవో అదే ఇస్తరు, పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కింద వచ్చే సీటు పోదు. నీకు నిజంగ ఏది ఇష్టమో ఆ వరుసల పెట్టుకుంట పోవాలె, గంతే.

కౌన్సెలింగ్ ఫీజు 1,200, ఎస్సీ ఎస్టీలకు 600, ఆన్‌లైన్ల కట్టి స్లాట్ బుక్ చేసుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌కు సర్టిఫికెట్లు పట్టుకపోవాలె. అక్కడ నా ముందలోడు స్టడీ సర్టిఫికెట్ల దగ్గర ఆగిండు, ఏడో తరగతి నుంచి డిప్లొమా దాకా ఒక్క ఏడు తక్కువున్నా గడబిడే, వాడు ఎనిమిదో తరగతి చదివిన బడి మూతపడ్డదట, మండల ఆఫీసుకు ఉరికిండు. అందుకే ఎండాకాలం సెలవులకు ముందే బళ్లల్ల తెచ్చుకోండి, మే నెలల హెడ్‌మాస్టర్‌ను పట్టుకునుడు మీతోని కాదు. క్యాస్ట్, ఇన్‌కమ్ మీసేవల ముందే పెట్టండి, రీయింబర్స్‌మెంట్ అంతా ఆ ఇన్‌కమ్ కాయితం మీదనే నడుస్తది. ఇగ వెబ్ ఆప్షన్స్ లాగిన్‌కు ఓటీపీ వస్తది, అది రిజిస్టర్ చేసిన ఫోన్‌కే. ఆ ఫోన్ ఎవని దగ్గర ఉంటే సీటు వాని చేతుల ఉన్నట్టు. ఆ రూమ్మేట్ నంబర్ వాళ్ల ఆఫీసుదే. వాడు ఉస్మానియా పైన పెట్టమని చెప్పిండు, వాళ్లు పెట్టినం అన్నరు, ఆప్షన్స్ ఫ్రీజ్ అయినంక ప్రింట్ చూస్తే ప్రైవేట్ కాలేజీ పైన ఉంది, సీటు అండ్లనే వచ్చింది. వాని ర్యాంక్ నాకంటే మంచిది. ఆ కాలేజీకి, ఆ ఆఫీసుకు ఏం సంబంధమో నేను చెప్పలేను, మీరే అనుకోండి. వాడు సెకండ్ ఫేజ్‌ల తన సొంత నంబర్ పెట్టించుకోనీకి హెల్ప్‌లైన్ సెంటర్ చుట్టూ మూడు రోజులు తిరిగిండు.

నేను నాచుపల్లిల జేఎన్టీయూ జగిత్యాల కాలేజీల పడ్డ, కొండగట్టు పక్కనే, ఇంటికి దగ్గర, నాకు అదే కావాలె. సీటు వచ్చినంక టైం లోపట ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆన్‌లైన్ల సీటు ఖాయం చేసుకునుడు) చెయ్యకుంటే సీటు పోతది, అది కూడా మెసేజ్ వచ్చిన ఫోన్‌ల చూసుకునుడే.

ఇప్పుడు థర్డ్ ఇయర్‌ల ఉన్న. కోచింగ్ నాకు ఏం ఇచ్చింది అనేది సెకండ్ ఇయర్‌ల దిగంగనే తెలిసింది. ఎలక్ట్రికల్ మెషీన్స్ వన్ క్లాసుల నేను, ఇంకో ముగ్గురు డిప్లొమా పోరగాళ్లం జవాబు చెప్తుంటే ఇంటర్ నుంచి వచ్చినోళ్లు మా మొఖాలు చూసేది. అదే రోజు మధ్యాహ్నం ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్, వెక్టర్ కాలిక్యులస్, డైవర్జెన్స్, కర్ల్. వాళ్లు ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ చదివి వచ్చిన్రు, మేము ఆ ఏడు దూకి వచ్చినం. ఒకటే ఆదివారం లాప్లాస్ నేర్చుకున్నోళ్లకు ఏం తెలుస్తది. మిడ్ వన్‌ల ఫీల్డ్స్‌ల నాకు వచ్చిన మార్కులు ఇక్కడ రాయ.

ఎవరు చేరాలె అంటే, డిప్లొమాల మెషీన్స్ సరిగ చెప్పనోళ్లు, ఒంటరిగ కూసుంటే ఫోన్ పట్టుకునేటోళ్లు చేరండి, చేరే ముందు డెమో క్లాస్ మీ బ్రాంచ్ సార్‌ది అడుగండి, మోటివేషన్ క్లాస్‌ది కాదు. మ్యాథ్స్ ఇప్పటినుంచే ఇంట్ల మొదలుపెట్టండి, అది కోచింగ్ మీద వదలకండి. 14,500 లేనోళ్లు అప్పు తెచ్చి చేరాల్సినంత అవసరమైతే లేదు, మా కాలేజీలనే కోచింగ్ లేకుండ వచ్చినోళ్లు ఉన్నరు.

ఆరు బుక్కులు ఇంకా నా దగ్గరనే ఉన్నయి. జగిత్యాల, కరీంనగర్ దిక్కోళ్లు ఎవరన్న వస్తే ఊకెనే ఇస్త, పైసలు వద్దు. కీ తప్పున్న కాడల్లా ఎర్ర పెన్నుతోటి కొట్టి పక్కన సరైన జవాబు రాసిన, మెషీన్స్ బుక్కుల సార్ చేతిరాత కూడా రెండు మూడు పేజీలల్ల ఉంటది, అవి మాత్రం చింపకండి. మ్యాథ్స్ బుక్కు కొత్తదిలెక్కనే ఉంది.